వెనక వరస ట్యాంకు

తెల్లారి ట్యాంకు ముందు నేల మీద గీసిన సుద్దగీత పదింటికల్లా కనిపించకుండా పోయింది.

దాన్ని ఎవరూ తుడవలేదు. ట్యాంకు పొట్ట ఇంకో రెండు వేళ్ల మేర ముందుకొచ్చి గీతను కప్పేసింది, అంతే.

షెడ్డు గుమ్మంలో నిలబడి పెద్దకోడలు ఆ గీత ఉండాల్సిన చోటే చూస్తోంది. ఆమె పక్కన భర్త, ఆయన పక్కన మరిది. నాలుగు నెలలుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని అన్నదమ్ములు పొద్దుటి నుంచి ఒకే గుమ్మంలో భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. వాళ్లిద్దరినీ కలపమని ఆమె రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉంది. ఎలా కలపాలో మాత్రం ఆయనకి చెప్పలేదు.

"నిండా పోయించావా?" అన్నాడు భర్త. ఆ మాట అడగడం అది మూడోసారి.

"నిండానే," అన్నాడు మరిది. "ఇదివరకు సగమే పోయించేవాణ్ణి. ఈసారి లారీవాడు మొత్తం దించేసి పోతానన్నాడు. మళ్లీ ఇటువైపు రావడానికి నెల పడుతుందన్నాడు."

"రెండువేల లీటర్లు."

"రెండువేలు."

"నీళ్లయితే రెండు టన్నులు. ఇది కాస్టిక్ సోడా రా. నీళ్లకి ఒకటిన్నర రెట్లు బరువు. మూడు టన్నులు మోస్తోంది అది. బస్తా మోసేవాడి నెత్తిన ఇంకో అర బస్తా పెట్టి, కదలకుండా నిలబడమంటే ఎన్నాళ్లు నిలబడతాడు?"

"చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది కదన్నయ్యా."

"ఆ. చూడ్డానికి."

ట్యాంకు అడుగున, కుళాయి బిగించిన చోట తెల్లగా పెచ్చు కట్టింది. అక్కడినుంచి చుక్క ఒకటి ఊరి, వేలాడి, కింద పెట్టిన తొట్టిలో పడింది. ఆ చప్పుడుకి ముగ్గురూ ఒక్కసారే ఊపిరి బిగబట్టి, ఒక్కసారే వదిలారు.

ఆ షెడ్డులో మరిది నేల తుడిచే మందు తయారు చేస్తాడు. వీధిలో అందరూ అతన్ని సబ్బులాయన అనే పిలుస్తారు. అన్న ట్యాంకుల షాపులో పదేళ్లు సరుకు బండి తోలి, నాలుగు నెలల కిందట మాటా మాటా పెరిగి, "నా బతుకు నేను బతుకుతా" అని బయటికొచ్చి ఈ పని పెట్టుకున్నాడు. బయటికి అంటే ఎంతో దూరం కాదు. ఒకే ఇల్లు, మధ్యలో ఒక గోడ, వెనక ఈ షెడ్డు. షెడ్డుకి అవతల అత్తగారి గది. ఇవతల నేల వాలుగా దిగి, వీధి మొత్తం నీళ్లు తోడుకునే బావి దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు అందరి భయమూ ఆ వాలు గురించే. ట్యాంకు పగిలిందా, ఒంటి మీద పడితే తోలు ఊడివచ్చే ఆ ద్రవం నేరుగా బావిలోకే.

అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేశారు. ఇలాంటివాటికి పనికొచ్చే బండి ఇంకో ఊరెళ్లింది, సాయంత్రానికి గాని రాదు, అంతదాకా దాని దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు, దాని మీద నీళ్లు పోయొద్దు అన్నారు. వద్దన్నవి రెండు చెప్పారు. చేయాల్సినది ఒక్కటీ చెప్పలేదు.

"ఒరేయ్ పెద్దాడా!" వీధిలోంచి అత్తగారి కేక. ఆవిణ్ణి తెల్లారకముందే కుర్చీతో సహా ఎత్తుకెళ్లి ఎదురింటి చూరు కింద కూర్చోబెట్టారు. "నా కళ్లజోడు గదిలోనే ఉండిపోయిందిరా! కొంప మునుగుతోందంటున్నారు, మునిగేది నాకు కనపడొద్దూ?"

"కనపడకపోతేనే మంచిదమ్మా," అన్నాడు పెద్దాడు, తల తిప్పకుండానే.

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకి సబ్బులాయన భార్య అయిన చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. బావి దగ్గరికి ఇసుక సంచులు మోసి మోసి ఎర్రబడిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, బావగారికి ఎదురుగా నిలబడింది.

"బావగారూ, ఒక్క మాట అడుగుతాను. ఏమీ అనుకోరు కదా."

"అనుకునే ఓపిక లేదమ్మా. అడుగు."

"ఊళ్లో అందరికీ మంచి ట్యాంకులు అమ్మే మనిషి, తోడబుట్టినవాడి దగ్గరికొచ్చేసరికి ఇలాంటిది ఎందుకిచ్చారు?"

"నేనిచ్చానా?"

"మీ షాపులోదే కదా!"

"నా షాపులోదే. నేనివ్వలేదు. నా దగ్గరికొచ్చి కాస్టిక్ పోస్తానని చెప్పుంటే దానికి వేరే ట్యాంకు ఉంటుంది, మందం రెండింతలుంటుంది, నెల ముందు చెప్తే తెప్పిస్తానని చెప్పేవాణ్ణి. నాతో మాట్లాడ్డమే మానేసిన మనిషికి నేనెలా చెప్పను? గాలికి చెప్పనా?"

"మాట్లాడకపోతే ట్యాంకు దానంతటదే నడిచొచ్చిందా?"

"అదే నేనూ అడుగుతున్నా. ఒరేయ్, ఎవరిచ్చారు నీకిది?"

పెద్దకోడలు మరిది వైపు చూసింది.

మరిది ఆమె వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అతను పడిన కష్టం ఆమెకి తెలుస్తూనే ఉంది.

"ఎవరూ ఇవ్వలేదు," అన్నాడు. "నువ్వు సరుకు వేయడానికెళ్లిన రోజు వచ్చాను. ముందు వరసలో కొత్తవి ఉన్నాయి కదా, అందులోంచి ఒకటి బండెక్కించుకున్నా."

"మీ వదిన లేదా?"

"ఉంది. ఫోనులో మాట్లాడుతోంది. చెయ్యూపి వచ్చేశా."

"ముందు వరసలోదేనా? కొత్తదేనా?"

"కొత్తదే."

భర్త బరువుగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరిలో కాస్త తేలిక కూడా వినిపించింది. "కొత్తదైతే కొంత నయం. మూడు పొరలది. సాగుతుంది గానీ చటుక్కున పగలదు. సాయంత్రం దాకా ఆగకుండా మనమే తోడెయ్యొచ్చు."

పెద్దకోడలికి అసలు సంగతి తెలుసు.

అది కొత్తది కాదు. ముందు వరసలోదీ కాదు.

షాపు వెనక, ఎండలో, రెండు వేసవులు నిలబడిన నాలుగు పాత ట్యాంకులుండేవి. ఎండకి ప్లాస్టిక్కు పెళుసెక్కుతుందనీ, వాటిని తోటలకి నీళ్లు పట్టుకునేవాళ్లకి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దనీ భర్త చెప్పాడు. మరిది వచ్చింది మూడు నెలల కిందట, ఒక మధ్యాహ్నం. అన్న లేడని చూసే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, అలవాటు లేని బిడియంతో, "ఒక ట్యాంకు కావాలి వదినా, ఏదో ఒకటి" అన్నాడు.

అతను మళ్లీ ఆ గడప తొక్కాడన్న సంతోషంలో ఆమెకి ఇంకేమీ తోచలేదు. పిల్లలెలా ఉన్నారని అడిగింది. చిక్కిపోయావంది. టీ తాగి వెళ్లమంది. కొత్తవి ఇస్తే సాయంత్రం భర్త లెక్క చూసి ఎవరికిచ్చావంటాడు, తమ్ముడి పేరు చెప్తే మళ్లీ గొడవ. పాతవైతే ఎవరూ అడగరు. అందుకని తనే వెనక్కి తీసుకెళ్లి ఒకటి చూపించింది. గుడ్డ పెట్టి దుమ్ము కూడా తుడిచిచ్చింది.

ఏం పోస్తావని మాత్రం అడగలేదు.

ఆ షాపులో అడగకుండా ఒక్క ట్యాంకు బయటికి పోదు. ఎన్ని లీటర్లు, ఏ రంగు అన్నవి తరవాత. ముందు, "ఏం పోస్తారు?" ఇరవై రెండేళ్లుగా భర్త పాటిస్తున్న పద్ధతి అది. ఒకసారి ఎవరో కుర్రాడు వేళాకోళంగా "మా ఆవిడ కన్నీళ్లు" అన్నాడు. భర్త నవ్వకుండా, "ఉప్పునీళ్లయితే ఇనప కుళాయి పెట్టించకండి, తుప్పు పడుతుంది" అని చెప్పి పంపాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లందరినీ ఆమె కూడా ఆ మాట అడిగింది. మరిదిని అడగడానికి మాత్రం నోరు రాలేదు. అడిగితే ఆరా తీస్తున్నట్టుంటుందని, ఇంటి మనిషిని పరాయివాణ్ణి చేసినట్టుంటుందని అనుకుంది.

పరాయివాడి మీద చూపించే ఆ పాటి జాగ్రత్త మనవాడి మీద చూపించకపోవడం ప్రేమ ఎలా అయింది? ఆమె ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. దేవుడైనా ఆ క్షణంలో చెవిలో ఒక్క మాట వేసి ఉండొచ్చు కదా అనిపించింది. వెంటనే లెంపలు వేసుకుంది. చెప్పడానికి ఆమె నోరు ఆమెకిచ్చాడుగా.

"అక్కా."

చిన్నకోడలు చెయ్యి పట్టుకుని పక్కకి, మెట్ల కిందకి లాక్కెళ్లింది.

"ఆ రోజు ట్యాంకు వచ్చినప్పుడు దానికి నీలం రంగు వేసింది నేనే," అంది గొంతు తగ్గించి. "కొత్తదానికి రంగెందుకండీ అంటే, వెలిసిపోయింది, బాగోలేదు, వెయ్యి అన్నారు ఆయన. కొత్తది వెలిసిపోతుందా అక్కా?"

పెద్దకోడలు షెడ్డు వైపు చూసింది.

"నువ్వు ఫోనులో మాట్లాడుతున్నావంట. ఆ రోజు నీ ఫోను రిపేరుకిచ్చావు. నాకు బాగా గుర్తు. రెండు రోజులు నా ఫోన్లోంచే మీ అమ్మగారితో మాట్లాడావు."

"చిన్నా..."

"ఆయన ఎందుకు అబద్ధం ఆడుతున్నారు? ఎవరి కోసం?"

"నా కోసమే," అంది పెద్దకోడలు. అంతకన్నా మెల్లగా ఏ మాటా ఆమె ఎన్నడూ అనలేదు.

చిన్నకోడలు అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండేది. ఆమె పట్టుకున్న చెయ్యి వదిలేసి, గోడకి ఆనుకుని, కాసేపు తన అరచేతుల్నే చూసుకుంది.

"నువ్వు చెప్తే ఆయన అబద్ధాలకోరు అవుతారు," అంది చివరికి. "చెప్పకపోతే తప్పంతా ఆయనదే అవుతుంది. నేనేం చెయ్యమంటావు అక్కా? నన్ను ఎటు నిలబడమంటావు?"



పన్నెండింటికి పంపులాయన వచ్చాడు. మోటార్లు బాగుచేసే మనిషి, భర్తకి పాత స్నేహితుడు. మామూలు పంపులోని లోహాన్ని కాస్టిక్ తినేస్తుందని, ఎక్కడెక్కడో తిరిగి ప్లాస్టిక్కు పంపు ఒకటి సంపాదించి తెచ్చాడు. పంపుని వీధిలోనే దించాడు. భర్త షాపునుంచి నాలుగు ఖాళీ ట్యాంకులు తెప్పించి వీధి ఎగువన వరసగా పెట్టించాడు. ఒక్కోదాంట్లో పావువంతు పోస్తే అవి తట్టుకుంటాయని ఆయన లెక్క.

"ఆ తరవాత వాటిని నీళ్లకి అమ్మలేవు ట్యాంకులన్నా," అన్నాడు పంపులాయన.

"తెలుసు. గొట్టం పరుచు."

లావుపాటి గొట్టం పంపు దగ్గర్నుంచి ఇంటి పక్క సందులోకి, సందులోంచి షెడ్డు వెనక తలుపు దాకా పాములా సాగింది. ఇక మిగిలింది ఒక్కటే. ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని, ట్యాంకు పైకెక్కి, మూత తీసి, గొట్టం కొసని లోపలికి జారవిడవాలి. కింద కుళాయి ముట్టుకునే వీల్లేదు, ముట్టుకుంటే అక్కడే ఊడుతుంది.

"ఎక్కేది ఎవరు?" అన్నాడు పంపులాయన.

"నేను."

"నువ్వెందుకన్నయ్యా? నా ట్యాంకు. నేనెక్కుతా."

"నీకు తెలుసా ఎక్కడ కాలు పెట్టాలో? ఇరవై రెండేళ్లుగా ట్యాంకులెక్కుతున్నా. నిచ్చెన బరువు ట్యాంకు మీద పడకుండా గోడకి వేసుకుంటా. నువ్వు గొట్టం అందించు చాలు."

"అన్నయ్యా, వద్దు."

"ఏం, నామీద నమ్మకం లేదా?"

"నమ్మకం కాదు..." మరిది మాట తడబడింది.

"కొత్తది అన్నావుగా. కొత్తదైతే అరగంట ఎక్కడికీ పోదు."

పంపులాయన గడ్డం గోక్కున్నాడు. "కొత్తదేనని మీకు ఖాయమేనా? రంగేసేశారు, ఏమీ తెలియడం లేదు. తయారైన ఏడాది తెలిపే అచ్చు గుర్తు చూద్దామంటే అది గోడ వైపుంది. పాతదైతే మాత్రం దాని పక్కన మనిషి నిలబడకూడదు. పొట్ట అంత వచ్చాక పాతది సాగదు, చీలుతుంది."

"వాడు చెప్పాడుగా," అన్నాడు భర్త. రబ్బరు చేతితొడుగులు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. ఒక వేలు ఇరుక్కుంటే పళ్లతో లాక్కున్నాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. పెళ్లయిన కొత్తలో భార్యని తొలిసారి షాపుకి తీసుకెళ్లి, ఒక్కో ట్యాంకుని తట్టి, ఇది దీనికి, అది దానికి అని పిల్లల్ని పరిచయం చేసినట్టు చెప్పిన మనిషి. తమ్ముడి మాట మీద ఇప్పుడు లోపలికి పోబోతున్నాడు. నాలుగు నెలల తరవాత తమ్ముడి మాట నమ్మిన మొదటి రోజు ఇదే.

"ఏవండీ," అంది పెద్దకోడలు.

"ఇప్పుడు కాదు."

"ఏవండీ, ఒక్క మాట."

"తరవాత చెప్దువుగాని. అమ్మ కళ్లజోడు కావాలంటోంది, అది చూడు."

"అది ముందు వరసలోది కాదు."

ఆమె గొంతు ఆమెకే వేరేవాళ్లదిలా వినిపించింది. భర్త రెండో తొడుగు సగంలో ఆపాడు.

"వెనక వరసలోది. నేనే ఇచ్చాను. అతను తీసుకోలేదు, నేనే వెనక్కి తీసుకెళ్లి ఇచ్చాను. దేనికని అడగలేదు."

"వెనక అంటే..."

"ఎండలో ఉన్నవాటిలోది."

"రెండు వేసవులు ఉన్నవా?"

"ఆ."

వీధి మొత్తం విన్నది. భర్త ఏదో అంటాడని ఆమె ఎదురుచూసింది. తిట్టినా సరే, చెయ్యెత్తినా సరే, వీధిలో వేలెత్తి చూపించినా సరే. ఆయన అవేమీ చేయలేదు. ఆమెని చూశాడు. షాపులోకి వచ్చి అడిగినదానికి జవాబు చెప్పని మనిషిని చూసినట్టు, కోపం లేకుండా, ఇంకా అర్థం కానట్టు చూశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ చూపు ఆమె మీద పడటం అదే మొదలు.

తరవాత చేతితొడుగు విప్పి పంపు మీద పెట్టాడు.

"అయితే ఎవరూ లోపలికి పోవద్దు. బావి దగ్గర ఇంకో వరస ఇసుక సంచులు వేయండి. పోతే పోనీ. మనుషులు పోకుండా ఉంటే చాలు."

ఆయన ఆ మాట అంటూ చుట్టూ చూసి, మనుషుల్ని లెక్కపెట్టుకున్నాడు. తల్లి. భార్య. పంపులాయన. చిన్నకోడలు.

"వీడేడీ?"

"ఇందాక ఇక్కడే..." చిన్నకోడలు వెనక్కి తిరిగి సందులోకి చూసింది. "నువ్వు నోరు తెరవగానే వెళ్లిపోయారు అక్కా. నేను బావి దగ్గరికనుకున్నా."

భర్త కాళ్ల దగ్గర నేల మీద పడి ఉన్న గొట్టం మెల్లగా కదిలింది.

అందరూ దాన్నే చూశారు. అది జానెడు జరిగి ఆగింది. మళ్లీ జానెడు. సందు వైపు, షెడ్డు వైపు. లోపలినుంచి ఎవరో ఒక్కో మెట్టూ ఎక్కుతూ లాక్కుంటున్నట్టు.

పంపులాయన సందులోకి పరుగెత్తి, షెడ్డు వెనక తలుపు దబదబా బాదాడు. "లోపల గడియ పెట్టుకున్నాడన్నా!"

"ఒరేయ్!" అని భర్త వంగి రెండు చేతులా గొట్టం పట్టుకున్నాడు. బలమంతా పెట్టి లాగబోయి, పిడికిళ్లు అలాగే బిగించి ఆగిపోయాడు.

"లాగండి!" అని అరిచింది చిన్నకోడలు. "లాగండి బావగారూ, రానివ్వకండి!"

"ఎలా లాగనమ్మా? నిచ్చెన మీదున్నాడు. లాగితే ట్యాంకు మీదే పడతాడు."

గొట్టం బిగుసుకుంది. అవతలివైపు కూడా ఒక చెయ్యి ఆగినట్టు తెలిసింది. అన్న చేతుల్లోని పట్టు తమ్ముడికి, తమ్ముడి పట్టు అన్నకి అందిందేమో, ఇద్దరూ కాసేపు అలాగే ఉండిపోయారు.

పెద్దకోడలు వచ్చి భర్త పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన ఆమెని పొమ్మనలేదు, ఉండమనలేదు. చూస్తుండగానే ఆయన వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. వదిలెయ్యలేదు. గొట్టం అరచేతుల్లోంచి నెమ్మదిగా, జానెడు జానెడుగా లోపలికి జారిపోతుంటే, దాన్ని అలా పోనిస్తూ కూర్చున్నాడు.